మెమరీ ఫోమ్ పరుపు: కవరు విప్పకుండా నాణ్యత తేల్చడం ఎలా?

మాది రాయగడ. అమ్మ నడుము నొప్పికి 72×60 అంగుళాల పరుపు చూస్తున్నాం. మందం 6 అంగుళాలు: పైన 2 మెమరీ ఫోమ్ (నొక్కితే గుంటపడి మెల్లగా పూడేది), కింద 4 హెచ్‌ఆర్ ఫోమ్ (నొక్కి వదిలితే వెంటనే పైకి లేచేది) అంటున్నారు. ఇక్కడా, పార్వతీపురంలోనూ తిరిగాం. లేబుల్ మీద "ప్రీమియం" అని తప్ప డెన్సిటీ (ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుంటుందో) ఎక్కడా లేదు. అడిగితే "ఫస్ట్ క్వాలిటీ సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అంటారు. కళ్లు మూసుకునే ధర కాదు కదా!

శాంపిల్ ముక్క మీద అరచెయ్యి నొక్కితే గుంట మెల్లగా పూడింది, వేళ్ల అచ్చు కాసేపు ఉంది కూడా. కానీ చలికి మెమరీ ఫోమ్ ఎలాగూ బిగుసుకుంటుంది, ఆ పరీక్షను ఈ డిసెంబరులో ఎంతవరకు నమ్మాలి? పైగా అసలు పరుపుకి జిప్ లేదు, చుట్టూ కుట్టేశారు. లోపల అదే సరుకుందని ఏమిటి గ్యారంటీ?

చివరికి లెక్క వేశాను. మెమరీ ఫోమ్ ఘనపు మీటరుకు 50 కిలోలదైతే పై పొర సుమారు 7 కిలోలు, కింది ఫోమ్ 32 అయితే 9 కిలోలు. కవరుతో 17 దాకా రావాలి. కాటా వేయిస్తే 13 చూపించింది. తరుగు ఏ పొరలో ఉందో తెలియడం లేదు. బరువు సరిపోయినా నమ్మలేం, చవక ఫోమ్‌లో కాల్షియం కార్బొనేట్ పొడి కలిపి బరువు పెంచుతారు.

కుట్టు విప్పకుండా, షాపులోనే, పై 2 అంగుళాల మెమరీ ఫోమ్ డెన్సిటీ పసిగట్టే పద్ధతి ఏదైనా ఉందా?