ఇంట్లో మార్ఫిన్, ఫెంటానిల్ ప్యాచ్‌లు: పక్కదారి పట్టకుండా ఎలా?

ప్రశ్న: క్యాన్సర్ నొప్పికి ఇంట్లో పెద్దవారికి మార్ఫిన్ మాత్రలు, ఒంటికి అంటించి మూడు రోజులకొకటి మార్చే ఫెంటానిల్ ప్యాచ్ రాశారు. రెండూ మత్తు కలిగించే బలమైన నొప్పి మందులే. వచ్చేపోయేవాళ్లు ఎక్కువ. ఎలా దాచాలి? వాడేసిన ప్యాచ్ చెత్తబుట్టలో వేయొచ్చా?

జవాబు 1: చెత్తబుట్టలో అస్సలు వద్దండీ. 72 గంటలు గడిచినా ప్యాచ్‌లో మందు చాలానే మిగులుతుంది. పిల్లలు నోట్లో పెట్టుకున్నా, ఒంటికి అంటించుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. తీసిన వెంటనే జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, మందులు వెనక్కి తీసుకునే ఫార్మసీకి ఇవ్వండి. ఆ వీలు లేనిచోట ఫెంటానిల్ ప్యాచ్‌ను టాయిలెట్‌లో ఫ్లష్ చేయమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. అన్ని మందులకూ ఇది వర్తించదు.

జవాబు 2: మాత్రలు తాళం పెట్టెలో ఉండాలి, తాళంచెవి ఒక్కరి దగ్గరే. పక్కనే నోటుపుస్తకం: తేదీ, సమయం, ఇచ్చినవి, మిగిలినవి. 60 మాత్రల్లో రోజుకు 4 వాడితే అయిదు రోజులకు 40 ఉండాలి. 37 ఉంటే అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. ముందే దొంగతనం అనుకోకండి. నొప్పి తట్టుకోలేక రోగే ఎక్కువ వేసుకుని ఉండొచ్చు, అప్పుడు మార్చాల్సింది డోసు.

జవాబు 3: డాక్టర్ రాసే మందుల చీటీలో మాత్రల సంఖ్య అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. ఒక్క సున్నా చేరిస్తే 10 కాస్తా 100 అవుతుంది. కింద ఖాళీ జాగాకు అడ్డగీత కొట్టించండి.