చైనా చిత్రాల్లో తామరల దగ్గర కొంగ ఒంటరిగానే ఎందుకు?

సిరాచుక్క: పాత చైనా చిత్రాల్లో తామరల మధ్య తెల్లకొంగ చాలాసార్లు ఒక్కటే కనిపిస్తుంది. పెళ్లి కానుకగా అలాంటి బొమ్మ వేయాలి. జంట కొంగల్ని వేస్తే అర్థం మారుతుందా?

గన్నేరుకొమ్మ: మారడం కాదండీ, అర్థమే పోతుంది. ఇదంతా శ్లేష. చైనీస్‌లో కొంగ 'లూ', దారి కూడా 'లూ'. 'ఈ' అంటే ఒకటి. తామర 'ల్యెన్', 'వరసగా' అనే మాటా అలాగే పలుకుతుంది. 'ఖ' అంటే పరీక్ష. ఒక కొంగ, తామర కలిస్తే 'ఈ లూ ల్యెన్ ఖ': దారి పొడుగునా పరీక్షలన్నీ వరసగా గట్టెక్కాలని. అంటే రాజోద్యోగ పరీక్షలకు కూర్చునే కుర్రాడికిచ్చే బొమ్మ. రెండో కొంగ దిగిందా, 'ఈ' పోయినట్టే.

పెళ్లికైతే తామరల్లో మాండరిన్ బాతుల జంట వేయండి. చాలామంది రెండింటినీ రంగుల్లో ముంచి రెండు మగబాతుల్ని తయారుచేస్తారు. వీపు మీద నారింజ తెరచాపలు మగదానికే. ఆడది బూడిద గోధుమ రంగు, కంటి చుట్టూ సన్నటి తెల్లగీత. (తామర పూసే నడివేసవిలో మగది ఆ సోకులన్నీ రాల్చి ఆడదానిలాగే ఉంటుంది. చిత్రకారులు పట్టించుకోలేదు, మీరూ వదిలేయండి.) మన చక్రవాకాలతో పోల్చకండి. అవి రాత్రయితే విడిపోయి ఏడ్చే జంట.

రాతిమసి: తలవెనక తెల్లమచ్చ ఉన్న చైనా పికిలిపిట్టల జంట, పియోనీ పూలు కూడా పెళ్లికి బాగుంటాయి. తల నెరిసేదాకా సిరిసంపదలతో కలిసుండమని. మ్యాగ్‌పై పిట్ట పేరులోనే 'షీ', అంటే సంతోషం, ఉంది కాబట్టి రెండుంటే జంట శుభం. కానీ చుయ్ బై 1061లో వేసిన చిత్రాన్ని 'జంట శుభం' అని పిలిచినా, అందులో ఆ రెండు పిట్టలూ ఈదురుగాలిలో ఓ కుందేలు మీద అరుస్తుంటాయి. నాకైతే అందులో పెళ్లికళ ఏమీ కనబడదు.

సిరాచుక్క: బాతులే ఖాయం అండీ. తాతగారి షష్టిపూర్తికి దేవదారు మీద ఎర్రనెత్తి క్రేన్ (కొంగలాంటి పెద్ద పక్షి) వేయొచ్చా?

గన్నేరుకొమ్మ: దేవదారు కాదు, పైన్. రెండూ దీర్ఘాయువుకు గుర్తులే, వేయండి. నిజం క్రేన్ కొమ్మెక్కదు; వెనకవేలు చిన్నది, పైకి ఉంటుంది, పట్టు దొరకదు. అందుకే చెట్టు కింద నిలబెడితే మేలు. తోక మాత్రం తెల్లగా ఉంచండి. నిలబడినప్పుడు తోకలా కనిపించే నలుపు మడిచిన రెక్కలది. ఎగిరే క్రేన్‌కి నల్లతోక పెట్టారంటే తప్పు దొరికిపోతుంది.