ఎక్రిలేట్ కలపగానే జిర్కోనోసిన్ (జిర్కోనియం ఉన్న పాలిమర్ క్యాటలిస్ట్) ఆగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: ఇథిలీన్ ఒక్కటే వేస్తే పాలిమర్ బానే వస్తోంది కానీ మిథైల్ ఎక్రిలేట్ కొంచెం కలపగానే రియాక్షన్ ఆగిపోతోంది, రెండుసార్లు డ్రై చేసి చూశా, అయినా అంతే. ఎవరైనా చెప్తారా?

రిప్లై 1: తడి వల్ల కాదండి అది. జిర్కోనియం, టైటానియం ఆక్సిజన్ అంటే పడి చస్తాయి, ఎక్రిలేట్‌లోని కార్బొనిల్ (C=O) ఆక్సిజన్ వచ్చి మెటల్ మీద ఇథిలీన్ అంటుకోవాల్సిన ఖాళీ సైట్ పట్టేసుకుంటే ఇంక ఇథిలీన్‌కి చోటెక్కడిది? కెమిస్ట్ బ్రూక్‌హార్ట్ వాళ్లు 1990ల్లో చేసిన పల్లాడియం డైఇమీన్ క్యాటలిస్ట్ ట్రై చేయండి, ఎక్రిలేట్‌ని తట్టుకుంటుంది, కాకపోతే స్పీడ్ బాగా తగ్గుతుంది.

రిప్లై 2: అవును, కానీ పల్లాడియం చైన్ మీద నడుచుకుంటూ పోతుంది, బీటా హైడ్రోజన్ (మెటల్ నుంచి రెండో కార్బన్ మీది హైడ్రోజన్) లాగి మళ్లీ పెడుతూ, అందుకే కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది. నాకు మొదటిసారి తెల్ల పొడి బదులు తేనెలాంటి జిగురు వస్తే పాడైందనుకున్నా, అసలు పాలిమరే అది. ఎక్రిలేట్ ఎక్కువగా ఆ కొమ్మల చివర్లోనే కూర్చుంటుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, మరి ఎంఏఓ (మిథైల్‌అల్యూమినాక్సేన్, క్యాటలిస్ట్‌ని యాక్టివ్ చేసేది) కలపాలా?

రిప్లై 1: మిథైల్ పల్లాడియం కాటయాన్ (మిథైల్ ఉన్న, పాజిటివ్ చార్జ్ రూపం) తీసుకుంటే అక్కర్లేదండి, అది ముందే యాక్టివ్‌గా ఉంటుంది.