నహువాట్ల్, హైతీ క్రియోల్: రెంటినీ ఒకే గాటన కట్టొచ్చా?

జయపురం కుర్రాడు:
ఎంఏ లింగ్విస్టిక్స్ చదువుతున్నాను. మెక్సికోలోని నహువాట్ల్‌నీ కరీబియన్ దీవుల్లోని హైతీ క్రియోల్‌నీ పోలుస్తూ సెమినార్ పేపర్ రాయమన్నారు. రెండూ వలస పాలనలో నలిగిన భాషలే అని రాసేసి చేతులు దులుపుకుందామంటే, కొరాపుట్ సంతల్లో దేసియా భాష, కొండ మీద ఆదివాసుల కువి భాష వింటూ పెరిగినవాణ్ణి, మనసు ఒప్పట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పర్లాకిమిడి మాస్టారు:
పుట్టుక దగ్గర మొదలుపెట్టు బాబూ. 1521లో స్పెయిన్ వాళ్ళు ఆ భాష మాట్లాడే అజ్టెక్‌ల రాజధానిని పట్టుకునే నాటికే నహువాట్ల్‌కి వందల ఏళ్ళ చరిత్ర ఉంది. క్రియోల్ అలా కాదు, హైతీలో ఫ్రెంచివాళ్ళ చెరకు తోటల్లో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన రకరకాల భాషల జనం మధ్య పుట్టింది. మాటలు చాలావరకు ఫ్రెంచివే, వ్యాకరణం మాత్రం సొంతం. "తిన్నాను"కి "మ్ తె మాంజె", "తింటున్నాను"కి "మ్ ఆప్ మాంజె", అంటే క్రియ కదలదు, దాని ముందున్న చిన్న ముక్కే మారుతుంది. నహువాట్ల్ దీనికి పూర్తిగా తలకిందులు: "నిన్ను ప్రేమిస్తున్నాను" అంతా "నిమిట్స్‌త్లసోత్ల" అనే ఒక్క క్రియలో ఇమిడిపోతుంది, "ని" అంటే నేను, "మిట్స్" అంటే నిన్ను. మన తెలుగు క్రియ కర్తను చెప్పి ఊరుకుంటుంది, అది కర్మనూ మోస్తుంది.

సిరొంచ అక్క:
వ్యాకరణం సరే మాస్టారూ, కానీ ఒకటి ఆదివాసీ భాష, ఇంకోటి కలగలుపు భాష అని గీత గీస్తే తమ్ముడు దారి తప్పుతాడు. నహువాట్ల్ కూడా అందరినీ కలిపే భాషగా పనిచేసిందే. 1570లో రెండో ఫిలిప్ రాజు న్యూ స్పెయిన్ (అంటే అప్పటి మెక్సికో ప్రాంతం) ఆదివాసులకు దాన్నే అధికార భాష చేశాడు, ఊరి దస్తావేజులూ వీలునామాలూ అందులోనే రాసుకున్నారు. 1770లో మూడో కార్లోస్ వచ్చి ఇక అంతా స్పానిషే అన్నాడు. 2020 లెక్కల్లో మెక్సికోలో నహువాట్ల్ మాట్లాడేవాళ్ళు సుమారు 16.5 లక్షలు, దేశ జనాభా 12 కోట్ల పైన. హైతీలో మాత్రం దాదాపు అందరిదీ క్రియోలే, అయినా రాజ్యాంగంలో ఫ్రెంచితో పాటు అధికార భాష అయింది 1987లోనే, 1804లో స్వతంత్రం వచ్చిన దేశంలో! మా గోండి భాషనే చూడు, 2011 లెక్కల్లో మాట్లాడేవాళ్ళు 29 లక్షలు దాటినా మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో లేదు. నన్నడిగితే పోలిక పెట్టాల్సింది ఇక్కడ, బడిలో, సర్కారు కచేరీలో ఎవరి భాష చెల్లుతుందన్న దగ్గర.

జయపురం కుర్రాడు:
థాంక్స్ అక్కా. మరి దేసియాని కూడా క్రియోల్, అంటే అలా కలగలుపుగా పుట్టిన భాష, అనొచ్చా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు:
తొందరపడకు. అది ఒడియాకి దగ్గరి భాష, చుట్టుపక్కల భాషల వాసన పట్టినంత మాత్రాన క్రియోల్ అయిపోదు. ఫుట్‌నోట్‌లో పెట్టుకో, పేపర్ మధ్యలో పెడితే ప్రశ్నల టైమంతా దానికే పోతుంది.