4 టీబీ హార్డ్‌డిస్క్ మాటిమాటికీ మాయమవుతోంది: పోయింది డిస్కా, కేబులా?

హనుమకొండ_స్టూడియో:
అందరికీ నమస్కారం. మాది ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలన్నీ 4 టీబీ సాటా డిస్క్‌లో ఉన్నాయి. పెద్ద ఫైల్ కాపీ పెడితే మధ్యలో ఆగిపోతోంది, ఒక్కోసారి డిస్కే కనబడట్లేదు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ‘గుడ్’ అనే ఉంది కానీ అందులో సీ7 అనే వరుసలోని అంకె పెరుగుతూ పోతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. కొత్త డిస్క్ కొనాలా?

పిక్సెల్_రాజా:
కస్టమర్ల డేటా కదా బ్రదర్, రిస్క్ ఎందుకు? కొత్తది తీసేసుకోండి.

సర్వీస్_బెంచ్:
తొందరపడకండి. ముందు ఆ వీడియోలకు వేరే డిస్క్‌లో ఇంకో కాపీ తీసిపెట్టండి. అది అయ్యాకే మిగతా పని.

సీ7 అంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో చెడిపోయిన డేటా లెక్క. డిస్క్ లోపల సెక్టార్లు, అంటే డేటా దాచే చిన్న చిన్న గళ్లు, పాడైతే కదిలేవి అదే జాబితాలోని 05, సీ5 అంకెలు. అవి రెండూ సున్నా ఉంటే నా అనుమానం కేబుల్ మీదే. సాటా డేటా కేబుల్‌లో ఉండేది ఏడు కాంటాక్టులు: పంపడానికి ఒక జత, అందుకోవడానికి ఒక జత, మూడు గ్రౌండ్. అంత సన్నటి తీగల్లో సెకనుకు 6 గిగాబిట్లు పోవాలి. గట్టిగా మడత పడినా, కనెక్టర్ కాస్త వదులైనా తప్పులు మొదలవుతాయి. ఇనుప క్లిప్ ఉన్న పొట్టి కేబుల్ కొనండి. మీటరు దాటకూడదు, క్యాబినెట్ లోపలికి అర మీటరు చాలు.

మార్చాక సీ7 సున్నాకి రాదు, కంగారు పడకండి. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

హనుమకొండ_స్టూడియో:
05, సీ5 రెండూ సున్నా అన్నా. కేబుల్‌కి క్లిప్ లేదు, పక్క డోర్‌కి నొక్కుకుని మడత పడి ఉంది. పవర్‌కి మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్‌ల ప్లగ్) నుంచి సాటా కన్వర్టర్ వాడుతున్నా.

సర్వీస్_బెంచ్:
ఆ కన్వర్టర్ సాటా చివర తీగలన్నీ ఒకే ప్లాస్టిక్ ముద్దలోకి పోతపోసి ఉంటే ఈరోజే తీసేయండి. లోపల 12 వోల్టులు, 5 వోల్టులు, గ్రౌండ్ పక్కపక్కనే ఉంటాయి. నాసిరకం పోతలో అవి షార్టయి, కనెక్టర్ కాలిపోయి డిస్క్‌ని కూడా తీసుకుపోతుంది. డేటా కేబుల్ కంటే నాకు దీని గురించే ఎక్కువ భయం. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి నేరుగా వచ్చే సాటా పవర్ పెట్టండి. కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన కేబులే వాడండి. ఇంకోదాని కేబుల్ ప్లగ్‌లో సరిగ్గా కూర్చున్నా పిన్‌ల వరుస వేరుగా ఉండొచ్చు, స్విచ్ వేయగానే డిస్క్ బోర్డు కాలుతుంది.

హనుమకొండ_స్టూడియో:
రెండూ మార్చాను. కానీ ఐదో పోర్టులో పెడితే డిస్క్ అసలు రావట్లేదు!

పిక్సెల్_రాజా:
బోర్డు మీద ఎం.2 ఎస్‌ఎస్‌డీ (కేబుల్ లేకుండా నేరుగా మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టే సన్నటి డిస్క్) ఉందా? కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ నిండితే ఒకట్రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. ఏవో మాన్యువల్‌లో ఉంటుంది.

హనుమకొండ_స్టూడియో:
అదే కారణం. మూడో పోర్టులోకి మార్చగానే వచ్చింది. రాత్రంతా కాపీ పెట్టాను, ఎక్కడా ఆగలేదు, సీ7 కూడా కదల్లేదు. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా.