ఒకే పత్తి చేను, మూడు రకాల నేల: నీళ్లు ఒకే లెక్కన ఇవ్వాలా, వేర్వేరుగానా?

పత్తిచేను:
మా చేను ఒకటే, నేల మాత్రం ఒకటి కాదు. పల్లం వైపు నల్లరేగడి, మధ్యలో ఎర్ర చెలక, పైన గరుసు కలిసిన దిబ్బ. డ్రిప్ వేసినప్పుడు సులువుగా ఉంటుందని గట్టు నుంచి గట్టుకు తిన్నగా పైపులు పరిచి, మొత్తానికి ఒకటే వాల్వు పెట్టారు. దిబ్బ మీద మొక్క మధ్యాహ్నానికే ఆకులు వేలాడేస్తుంది. అది చూడలేక వాల్వు ఇంకో గంట ఉంచితే, పల్లంలో పత్తి ఆకుల మీదే పెరిగి కింది కాయలు కుళ్లుతున్నాయి. పోయినేడు దిబ్బ మీద గూడ (పూమొగ్గ) రాలడమూ పల్లంలో కాయ కుళ్లడమూ ఒకే సీజన్‌లో చూశాను. ఇప్పుడు పైపులు మార్చే వీలు దొరికింది. నేలను బట్టి వాల్వులు విడగొట్టి నేలలో తేమ కొలిచే సెన్సర్లు పెట్టమని కొందరు అంటున్నారు. రోజూ కొంచెం కొంచెం ఇస్తే ఏ నేలైనా ఒకటే, అదంతా దండగ ఖర్చని ఇంకొందరు. రెండు వాదనలూ కారణాలతో సహా వినాలని ఉంది.

వేరుకింద:
విడగొట్టాల్సిందే. మీటరు లోతులో మొక్కకు అందే నీరు మీ దిబ్బలాంటి ఇసుక నేలలో సుమారు 60 మి.మీ., గరప నేలలో 140, నల్లరేగడిలాంటి బరువు బంకమట్టిలో 200 దాకా ఉంటుంది. పూత, కాయ దశలో ఎండ గట్టిగా ఉన్న రోజు పత్తి 7 మి.మీ. వరకూ తాగుతుంది. ఉన్న నీటిలో సగం తరిగేలోపు తడి ఇవ్వాలనుకుందాం. ఇసుకలో ఆ సగం 30 మి.మీ., అంటే నాలుగు రోజులు. బంకమట్టిలో 100 మి.మీ., అంటే రెండు వారాలు. ఒకే వాల్వుతో నాలుగో రోజు ఇచ్చినా, పద్నాలుగో రోజు ఇచ్చినా, మధ్యలో ఇంకేదో రోజు ఇచ్చినా, చేనులో ఏదో ఒక ముక్క నష్టపోక తప్పదు.

సాలువెంట:
ఆ లెక్క సాళ్లలో నీళ్లు పారించేవాళ్లకు సరిపోతుంది. డ్రిప్‌కు అలాగే అంటగట్టకూడదు. మొక్క ఎంత తాగాలో తేల్చేది ఎండ, గాలి, ఆకుల విస్తీర్ణం. ఎన్ని రోజులకోసారి ఇవ్వాలో మాత్రమే నేల చెబుతుంది. నిన్న తాగినదాన్ని ఈరోజు తిరిగి ఇస్తున్నప్పుడు నేల ఎంత దాచుకోగలదన్నది అంత పెద్ద విషయం కాదు.

ఇంకో మాట. పత్తిచేను గారూ, మీ దిబ్బ ఎత్తులో ఉందన్నారు. పది మీటర్లు ఎక్కితే నీటి పీడనం దాదాపు ఒక బార్ తగ్గుతుంది, మీటరు ఎక్కినా పదోవంతు బార్ పోతుంది. పీడనాన్ని సర్దుకునే రకం డ్రిప్పర్లు కాకపోతే పైన నీళ్లు తక్కువ వస్తాయి, పల్లంలో ఎక్కువ. ముందు పైనా కిందా డ్రిప్పర్ల కింద డబ్బాలు పెట్టి గంటకు ఎంత పడుతుందో కొలవండి. గంటకు 2 లీటర్లు ఇవ్వాల్సింది లీటరున్నరే ఇస్తుంటే తప్పు మట్టిది కాదు. ఫిల్టరు కడగకుండా, పీడనం చూడకుండా సెన్సర్లు కొనేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వేరుకింద:
డబ్బాలు పెట్టి కొలవమన్నది మంచి సలహా, అది మొదటి పనే. "రోజూ ఇస్తే నేల లెక్కలోకి రాదు" అన్నదగ్గరే ఒప్పుకోలేను. వానను మరిచిపోయారు. గట్టి వాన పడితే నల్లరేగడికి పది రోజులకు పైగా డ్రిప్ అక్కర్లేదు, పైగా ఇస్తే వేళ్లకు గాలి ఆడక మొక్క ఉన్నట్టుండి వడలిపోతుంది. అదే వాన తర్వాత దిబ్బకు నాలుగైదు రోజుల్లో మళ్లీ నీళ్లు కావాలి. ఒకటే వాల్వుంటే ఏం చేస్తారు?

ఆకుల విస్తీర్ణం అని మీరే అన్నారు. దిబ్బ మీద మోకాలెత్తు మొక్క, పల్లంలో నడుమెత్తు మొక్క ఉంటే వాటి దాహం ఒకటెలా అవుతుంది? ఇసుకలో నీరు పక్కకు పాకదు, నేరుగా కిందికి దిగుతుంది. అక్కడ ఏకధాటిగా మూడు గంటలు వదిలితే కొంత నీరు వేళ్లను దాటి కిందికి పోతుంది. అదే నీటిని రెండు విడతలుగా ఇవ్వాలి. డ్రిప్పర్లు కూడా దగ్గర దగ్గరగా ఉండాలి. బంకమట్టిలో నీరు పక్కలకు పరుచుకుంటుంది కాబట్టి ఎడం పెంచుకోవచ్చు.

తేమలెక్క:
వాల్వులు విడగొట్టడం, సెన్సర్లు పెట్టడం రెండు వేర్వేరు నిర్ణయాలు. ఇక్కడ రెండూ కలిపేస్తున్నారు. నా ఓటు మొదటిదానికి. రెండోది ఒక సీజన్ ఆగొచ్చు.

నల్లరేగడి ఎండితే పగుళ్లు తీస్తుంది. మట్టిలో గుచ్చి తేమ చూసే టెన్షియోమీటరు మొన చుట్టూ మట్టి విడిపోతే రీడింగుకు అర్థం ఉండదు. నీళ్లు పగులు వెంట దిగి మొనను తడిపినా అంతే, చుట్టూ నేల పొడిగా ఉండగానే తేమ ఉందని చూపిస్తుంది. పైగా మట్టి ఆరేకొద్దీ దాని రీడింగు పెరుగుతుంది, సుమారు 80 సెంటీబార్లు దాటితే అది పనిచేయదు, బంకమట్టిలో అంతకుమించి ఆరినా మొక్క నీరు లాగుతూనే ఉంటుంది. ఇసుక ముక్కలో మాత్రం అది నమ్మకంగా పనిచేస్తుంది.

ఈలోగా మొక్కనే చూడండి. ప్రధాన కాండం పక్కనే విచ్చిన తెల్ల పువ్వుల్లో అన్నిటికన్నా పైదాన్ని పట్టుకుని, దాని మీద కొన వరకూ ఎన్ని కణుపులున్నాయో లెక్కపెట్టండి. పూత మొదట్లో మామూలుగా 8 నుంచి 10 ఉంటాయి. 5కు దిగితే కొత్త ఎదుగుదల ఆగిపోతున్నట్టే. మూడు ముక్కల్లోనూ వారానికోసారి, ముక్కకు పది మొక్కలు చూస్తే చాలు. దిబ్బ ముందే 5కు దిగి, పల్లంలో ఇంకా 8 ఉంటే విడగొట్టాలన్న వాదనకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

సాలువెంట:
వాన సంగతి ఒప్పుకుంటున్నాను, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. అయినా మూడు చాలు, ఏడెనిమిది వాల్వులు వద్దు. సీజన్ మధ్యలో తిప్పేవాళ్లు లేక అన్నీ ఒకేసారి తెరిచి వదిలేసిన చేలు చూశాను. వాల్వులు విడగొట్టాక ఆదా అయ్యే నీళ్లతో పక్కన కొత్త చేను తడపకండి. అలా చేస్తే బోరుకు మిగిలేదేమీ ఉండదు.

పత్తిచేను:
అందరికీ థాంక్స్. డబ్బాలు పెట్టి కొలిచాను. దిబ్బ మీద గంటకు 1.6 లీటర్లు, పల్లంలో 2.1. అంటే సాలువెంట గారు చెప్పింది కొంత నిజమే. కానీ నాకు కనిపించే తేడా ఈ కాస్తతో రాదు. పీడనం సర్దుకునే డ్రిప్పర్లు, మూడు వాల్వులు అని తేల్చుకున్నాను. తేలనిది హద్దు. చెలక ఎక్కడ ఆగి నల్లరేగడి ఎక్కడ మొదలవుతుందో పైన చూస్తే తెలియడం లేదు, ఇరవై అడుగుల మేర కలిసిపోయి ఉంది. వచ్చే వాన తర్వాత ఏ భాగం ముందు ఆరుతుందో చూసి పుల్లలు పాతి, ఆ గీతకు అటూ ఇటూ పలుగుతో రెండడుగులు తవ్వి మట్టి చూస్తాను. పైపు అప్పటిదాకా కోయను.