సోమశిల బోటుకు ఏ బ్యాటరీ? ట్యూబులరా, ఏజీఎమ్మా, లిథియమా?

కొల్లాపూర్_బోటు:
సోమశిల కాడ కృష్ణల తిప్పే 16 అడుగుల ఫైబర్ బోటుకు 12 వోల్టుల ట్రోలింగ్ మోటారు (బ్యాటరీతోని నడిచే చిన్న బోటు మోటారు) పెడుతున్నం, 55 పౌండ్ల థ్రస్ట్‌ది (నెట్టే బలం). వలలు వేసి తీసేతందుకు పొద్దున రెండున్నర గంటలు నడవాలె. కారు బ్యాటరీ, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీల ఎంత కరెంటు పడుతదో చెప్పే లెక్క) ఇన్వర్టర్ ట్యూబులర్ (నీళ్లు పోసే రకం), 100 ఏహెచ్ ఏజీఎం (నీళ్లు పొయ్యనక్కరలేని సీల్డ్ రకం), 100 ఏహెచ్ లిథియం చూసినం. ఏది తీసుకోవాలె? ఇంట్ల ఇన్వర్టర్ ఉన్నది, దానితోనే చార్జింగ్ అయితదా?

మిర్యాలగూడ_బ్యాటరీ:
తమ్మీ, ముందుగాల కారు బ్యాటరీ పక్కకు పెట్టు. దాంట్ల ప్లేట్లు పలుచగ ఉంటయి, సెల్ఫ్ కొట్టినప్పుడు కొన్ని సెకన్లు వందల ఆంపియర్లు ఇచ్చేతందుకు చేసినవి. రోజూ సగం దాకా దించితే ప్లేట్ల మీది మందు రాలి అడుగున చేరుతది, తొందరగనే పోతది.

మిగిలినవి లెక్క కట్టి చూడు. ఆ మోటారు ఫుల్ మీద సుమారు 50 ఆంపియర్లు గుంజుతది, సగం స్పీడుల 20 అనుకో. రెండు గంటలు సగం స్పీడు, ఎదురుగాలికి అరగంట ఫుల్ అంటే 40, 25 కలిపి 65 ఏహెచ్. లెడ్ యాసిడ్ (ట్యూబులర్, ఏజీఎం రెండూ అవే) ఏదైనా సగం కంటె కిందికి దించకుంటేనే ఎక్కువ కాలం వస్తది. అంటే 130 ఏహెచ్ కావాలె. 100 ఏజీఎం చాలదు. 150 ట్యూబులర్ అంచు మీద సరిపోతది. డబ్బా మీద రాసిన 150 మామూలుగా 20 గంటలు మెల్లగ వాడితే వచ్చే లెక్క, 50 ఆంపియర్లు గుంజితే అంత ఇయ్యదు.

సాగర్_ఫైబర్:
అన్న చెప్పిన లెక్క కరెక్ట్. బోటు మీద ఇంకో రెండు చూడాలె. 150 ట్యూబులర్ 50 కిలోల పైనే తూగుతది, పొడుగ్గా ఉంటది. మోటారు పక్కన పెడితే వెనుక కుంగి ముందు లేస్తది. అలలకు బోటు ఒరిగితే వెంట్ ప్లగ్గుల (గాలి పోయే మూతల) నుంచి యాసిడ్ చిందుతది.

లిథియంల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమే తీసుకోండి. 100 ఏహెచ్ సుమారు 12 కిలోలు, 80 శాతం నిశ్చింతగ వాడొచ్చు, మీ 65కు సాలుతది. బీఎంఎస్ (బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్) 100 ఆంపియర్లది ఉండాలె. 50 ది అయితే ఎదురుగాలిల ఫుల్ పెట్టంగనే ట్రిప్ అయితది.

దీనితోని ఒక ఇబ్బంది ఉన్నది: వోల్టు మీటరు నమ్మొద్దు. ఎక్కువ సేపు 13 వోల్టుల చుట్టే నిలబడి, ఆఖరుకు ఒక్కసారే పడిపోతది, బీఎంఎస్ కట్ చేస్తది. వాడిన ఆంపియర్లు లెక్క పెట్టే షంట్ మీటరు పెట్టుర్రి. బోట్ల తెడ్లు తప్పక ఉండాలె.

పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు లోపలనే 60 ఆంపియర్ల డీసీ బ్రేకర్ బిగించుర్రి. వైరు 16 చదరపు మిల్లీమీటర్ల రాగిది, లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు తొడుగులు) క్రింప్ చేసినవి, అంటే గట్టిగ నొక్కి బిగించినవి. వైరు చుట్టి టేపు వేస్తే ఆ జాగలనే వేడెక్కి కరుగుతది.

కొల్లాపూర్_బోటు:
కొచ్చి బోట్లల్ల వేరే లిథియం అంటున్నరు గదా, అది దొరుకుతదా?

సాగర్_ఫైబర్:
కొచ్చి వాటర్ మెట్రోల వాడేది ఎల్‌టీఓ, లిథియం టైటనేట్. ఒడ్డుకు ఆగిన కొద్ది నిమిషాలల్ల చార్జ్ కావాలె గనుక అది పెట్టిన్రు. అంతే ఏహెచ్‌కు బరువు, ధర రెండూ ఎక్కువ. మీరు రాత్రంత చార్జ్ పెట్టేటోళ్లు, దాంతోని పని లేదు.

మిర్యాలగూడ_బ్యాటరీ:
చార్జింగ్ సంగతి: లిథియం మోడ్ లేని ఇన్వర్టర్‌కు తగిలియ్యకు. ట్యూబులర్ మోడ్‌ల వోల్టేజి 14.6 దాటొచ్చు, బీఎంఎస్ మధ్యలనే కట్ చేస్తది. 14.6 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ చార్జర్, 20 ఆంపియర్లది వేరేగ తెచ్చుకో. 65 ఏహెచ్ మూడున్నర గంటలల్ల నిండుతది. ట్యూబులరే కొంటే ఇన్వర్టర్ సాలు, గాని గాలాడే జాగల పెట్టి చార్జ్ చెయ్యి, హైడ్రోజన్ వస్తది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలె, కృష్ణ నీళ్లు కాదు.